పోర్టోకి సొంత ఖర్చుతో

సినిమా ఆఫీసుల్లో సోఫాలు ఇంత లోతుగా ఎందుకుంటాయో తెరెసాకి ఇన్నేళ్లయినా అర్థం కాలేదు. కూర్చున్నవాళ్లు తొందరపడి లేచిపోకూడదనే కాబోలని ఆమె అనుమానం. ఫిల్మ్‌నగర్ ఎత్తు మీదున్న ఈ ఆఫీసు సోఫా అయితే మరీను, ఒకసారి దిగబడితే మోకాళ్లు గడ్డం దాకా వస్తాయి. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, బ్యాగులో పాస్‌పోర్టు, బ్యాగు మీద రెండు చేతులు. "సారు మీటింగ్ల ఉన్నరు మేడమ్, జర కూసోండ్రి, పిలుస్తరు" అని రిసెప్షన్‌లో మనోజ టీ కూడా తెప్పించి పెట్టింది గానీ, టీ మీద మీగడ కడుతున్నా తెరెసా చెయ్యి బ్యాగు మీంచి లేవలేదు. అద్దం తలుపు వెనక మేనేజర్ రఘునందన్ గొంతు వినబడుతోంది, మాటలు తెలియడం లేదు. పొద్దున ఫోన్లో మాత్రం మాటలు శుభ్రంగా తెలిశాయి. "తెరెసమ్మా, నీ అదృష్టం బాగుంది. ఫిబ్రవరిలో పాట, పోర్టోలో. హీరోయిన్ మేడమ్ జుట్టుకి నువ్వే కావాలన్నారు. టిక్కెట్టు, హోటలు, రోజు ఖర్చుకి బేటా, అన్నీ మనవే. సాయంత్రం పాస్‌పోర్టు పట్టుకొచ్చెయ్." హీరోయిన్ల జుట్టు దువ్వి బతికే మనిషికి ఇంతకంటే మంచి ఫోను రాదు. కానీ పోర్టో అంటే, రెండేళ్లుగా ఆమె సొంత డబ్బు కూడబెట్టుకుని, ఫిబ్రవరి నెలంతా సొంతంగా ఉండి రావాలని ప్లాను వేసుకున్న ఊరే. ఫోను పెట్టేశాక ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది, ఆ పైన అన్నం సయించలేదు.

నెల కూడా కలిసిందంటే వింతేమీ లేదు. చలీ వానా కలిసే ఫిబ్రవరిలో ఆ ఊరికి టూరిస్టులు రారు, గదులు సగం రేటుకి దొరుకుతాయి. ఆ సంగతి తెరెసా ఎంత కష్టపడి కనిపెట్టిందో కంపెనీ కూడా అంతే కష్టపడి కనిపెట్టి ఉంటుంది. కోట్లు పెట్టే కంపెనీ, చీటీ కట్టుకునే తెరెసా ఒకే రకంగా లెక్క వేసుకున్నారంటే తను కూడా మేనేజర్ పనికి పనికొచ్చేదే అనిపించింది. యూసుఫ్‌గూడలో పక్క వీధిలో ఉండే కాస్ట్యూమ్స్ లీలాకుమారితో కలిసి గది అద్దె చెరిసగం అనుకుంది. లీలాకుమారి కాఫీ మానేసింది, ఆటో మానేసింది, కృష్ణానగర్ దాకా నడిచి మరీ డబ్బులు మిగిల్చింది. అదే లీలాకుమారి నిన్న రాత్రి పాస్‌పోర్టు తెచ్చి ఇక్కడే, లోపల మేనేజర్ బల్ల మీద పెట్టి వెళ్లిందట. పొద్దున వాయిస్ మెసేజి పంపింది. "అక్కా, కోప్పడకు. ఫ్రీగా తీసుకెళ్తామంటే డబ్బులు పోసి ఎవరైనా వెళ్తారా? నువ్వూ ఇచ్చెయ్, ఇద్దరం కలిసే ఉంటాం." కలిసే ఉంటాం, నిజమే. ఒకే హోటల్ గదిలో, తెల్లారకముందు లేచి, చీకటి పడ్డాక వచ్చి, కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని. లీలా మీద కోపం లేదు. కోపం లేదనుకుంటూనే ఆ మెసేజి ఇప్పటికి నాలుగుసార్లు వింది, అంతే.

ఎదురుగా గోడ మీద పాత సినిమా పోస్టరు, హీరోయిన్ తల వెనక్కి విసిరి నవ్వుతోంది, ఆ జుట్టు తెరెసా వేసిందే. సగం సొంత జుట్టు, సగం సవరం, ఎక్కడ అతికిందో ఎవరూ చెప్పలేరు. ఆ పోస్టరు పాట కోసమే మొదటిసారి పోర్టుగల్ వెళ్లారు, అప్పటికి ఆమెకి వెంట్రుక ఒక్కటీ నెరవలేదు. వెళ్లారంటే వెళ్లారు. విమానం దిగగానే మేనేజర్ అందరి పాస్‌పోర్టులు తీసుకుని తన సంచిలో వేసుకున్నాడు, అది ఈ పనిలో రివాజు, ఎవరూ పారేసుకోకుండా, ఎవరూ పారిపోకుండా. దేశం కాని దేశంలో తన పేరున్న కాగితం తన దగ్గర లేకుండా తిరగడం అదే మొదలు. బస్సెక్కితే నిద్ర, దిగితే పని. ఊరంతా కెమెరా ముందుంది, తెరెసా కెమెరా వెనకుంది. ఆమెకి తెలిసిన పోర్టుగల్ ఏమిటంటే హీరోయిన్ మెడ వెనక భాగం, గాలికి లేచే పాయలు, నోట్లో పట్టుకున్న పిన్నుల రుచి. నది ఉండేది ఎక్కడో ఎడమవైపు. వంతెన ఉందని నీడ పడినప్పుడు తెలిసేది. అందరూ అబ్బ ఎంత బాగుందో అనేవారు, ఆమె అటు తిరిగేలోగా టచప్ అని కేక పడేది. మధ్యాహ్నం ఇండియన్ హోటలు నుంచి పప్పన్నం డబ్బాలు వచ్చేవి, ఫుట్‌పాత్ మీద కూర్చుని తినేవారు, ఊళ్లోవాళ్లు వీళ్లని ఫోటోలు తీసుకునేవారు.

ఆ మెట్ల వీధి మాత్రం గుర్తుంది. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, కిటికీకీ కిటికీకీ మధ్య తీగలు, తీగల నిండా దుప్పట్లు, లుంగీల్లాంటివేవో, పసిపిల్లల గౌన్లు. డైరెక్టర్ గారికి గౌన్లు నచ్చలేదు. ఫ్రేములో మురికివాడలా ఉంది, తీయించండి అన్నారు. అక్కడి ఏజెంటు ఇంటింటికీ తిరిగి బతిమాలితే అందరూ తీశారు, ఒక్క పెద్దావిడ తప్ప. కిటికీలోంచి చూస్తూ నిలబడింది, నల్ల స్వెట్టరు, తెల్ల జుట్టు బిగించి ముడి. ఆ ముడి చూసి తెరెసాకి ముచ్చటేసింది, ఒక్క పాయ బయటికి రాలేదు. ఏమనిపించిందో ఏమో, తెరెసాయే మెట్లెక్కి పైకెళ్లింది. తడి బట్టలు, ఆవిడ చేతులు వణుకుతున్నాయి. తెరెసా బుట్ట పట్టుకుంది. ఇద్దరూ కలిసి తీశారు, తడిదుప్పటి చెరో కొసా పట్టుకుని పిండారు కూడా, సొంతూరు ఫిరంగిపురంలో అమ్మతో పిండినట్టే. లోపల వంటింట్లోంచి ఎండుచేపల వాసన! తెరెసా నవ్వాపుకోలేకపోయింది. హైదరాబాదులో కింద పోర్షన్ వాళ్లు గొడవ చేస్తారని ఏళ్ల తరబడి ఇంట్లో ఎండుచేప వండలేదు, ఇంత దూరం వస్తే ఇక్కడ దర్జాగా ఉడుకుతోంది. ఆవిడకి నవ్వు అర్థమైంది, వాసన వైపు వేలు చూపించింది, కుర్చీ లాగింది. కింద నుంచి టచప్ అని అరుపు. తెరెసా చేతులు జోడించింది. ఆవిడ ఆకాశం వైపు చూపించి, చెయ్యి గుండ్రంగా ఒకసారి తిప్పి, మళ్లీ కుర్చీ మీద తట్టింది. రేపు రా అని. ఆ మాత్రం అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు, తెరెసా తల ఊపింది. వస్తానంది. రేపు సెలవు మరి, పాట అయిపోయాక యూనిట్‌కి ఒక్కరోజు షాపింగ్‌కని ఇస్తారు, అదే రేపు.

ఆ రేపు రాలేదు. సాయంత్రం జల్లు పడి సవరం తడిసింది, మర్నాడు ఇంకో ఊళ్లో మిగిలిపోయిన షాట్లున్నాయి, ప్యాచ్‌వర్క్ అన్నారు. అందరూ హోటల్ గదుల్లో పడుకుంటే తెరెసా, లీలా హెయిర్ డ్రయ్యరు పట్టుకుని కూర్చున్నారు, తెల్లారి బస్సెక్కారు, సెలవు ఆ బస్సులోనే గడిచిపోయింది. కిటికీ దగ్గర ఆవిడ ఎంతసేపు చూసిందో. బహుశా చూసి ఉండదు, సినిమావాళ్ల మాట ఎక్కడైనా సినిమావాళ్ల మాటే అనుకుని చేప తను తినేసి ఉంటుంది. అలా అనుకుంటే తేలిగ్గా ఉంటుంది గానీ తెరెసా మనసు అలా అనుకోనివ్వలేదు. కుర్చీ లాగిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది, రాతి గచ్చు మీద కర్ర కుర్చీ.

బయట కారేదో రివర్స్ తీస్తోంది, డ్రైవరు అటూ ఇటూ తిప్పుతున్నాడు, జూబ్లీహిల్స్ దాకా పరుచుకున్న బండరాళ్ల మీద ఎండ తగ్గుతోంది. తలుపు తెరుచుకుంది, ఎవరో కుర్ర డైరెక్టరు ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు, ఆమెకి పిలుపు రాలేదు. తలుపు మళ్లీ మూసుకుంది. పర్వాలేదు, ఇంకాసేపు. ఎన్నేళ్లపాటు ఎంత పిచ్చిపని చేసిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ ఊరు లిస్బన్ అనుకుంది! లిస్బన్‌కే డబ్బులు దాచింది, లిస్బన్ మ్యాపులోనే ఆ వీధి కోసం వెతికింది, రోజూ రాత్రి పక్కన మొగుడు జేవియర్ గురక పెడుతుంటే ఫోన్లో ఆ వీధులన్నీ ఎక్కి దిగింది. ఎందుకంటే పాటలో అలానే ఉంది. పసుపుపచ్చ ట్రాము దగ్గర హీరోయిన్ పరిగెడుతుంది, పరిగెత్తి మెట్ల వీధిలోకి తిరుగుతుంది, ట్రాము లిస్బన్‌దే కాబట్టి వీధీ లిస్బన్‌దే. ఆ పాట కొన్ని వందలసార్లు చూసి ఉంటుంది, చూసిచూసి తను నిజంగా నడిచింది మర్చిపోయి పాటలో ఉన్నదే గుర్తుంచుకుంది. మధ్యలో బస్సులో సగం రోజు ప్రయాణం ఉంది, అది ఆమె పడుకునే చేసింది కాబట్టి లెక్కలోకే రాలేదు. పైగా ఆ రెండూ ఒకే సాయంత్రంలా అతకడానికి కారణం ఎవరు? తనే. మొదటి ఊళ్లో పాయ ఎక్కడుందో రెండో ఊళ్లో అక్కడే ఉండాలి, ఎంత ఒంపు తిరిగిందో అంతే తిరగాలి, అదే తన ఉద్యోగం. అంత బాగా చేసింది ఆ పని, రెండు ఊళ్లనీ ఒక్కటి చేసి, చివరికి తనే మోసపోయింది.

పట్టించింది కూడా జుట్టే. రెండేళ్ల కిందట ఒకరోజు షాట్ల మధ్య కారవాన్‌లో కూర్చుని ఫోన్లో పాట ఆపి చూస్తుంటే, మెట్ల మీద హీరోయిన్ చెవి వెనక నల్లపిన్ను కనబడింది. గోధుమరంగు పిన్నులే వాడేది ఎప్పుడూ. ఆ ఒక్కరోజే అవి అయిపోయి నల్లవి పెట్టింది, కెమెరా పట్టదులే అనుకుంది. వంతెన మీద షాట్ చూసింది, అక్కడా నల్లపిన్నే. ట్రాము దగ్గర చూసింది, గోధుమరంగు. అంటే ఆవిడ కిటికీ, ఆ పెద్ద ఇనప వంతెన ఒకే రోజువి, ఒకే ఊరివి. వంతెన ఏ ఊరిదో తెలుసుకోవడం ఎంతసేపు! ఆ క్షణాన పక్కనెవరూ లేకపోయినా పైకే అనేసింది, "ఓరి దేవుడో, పోర్టోనా!" అని. ఆ రాత్రే వంతెన దగ్గరి మెట్లన్నీ ఫోన్లో ఎక్కింది, కిటికీ దొరికింది, తీగ కూడా దొరికింది. తీగ మీద ఏవో బట్టలున్నాయి.

అప్పటినుంచి పట్టుదల ఇంకా గట్టిపడింది. ఆ వీధిలోనే, నాలుగిళ్ల అవతల, పై అంతస్తులో గది. లిఫ్టు లేదు, అందుకే చవక, మెట్లు చూసి అందరూ పారిపోతారట. తెరెసా పారిపోదు, యూసుఫ్‌గూడలో మూడో అంతస్తుకి గ్యాసు సిలిండరు మోయించి మోయించి, మోసే కుర్రాడు రాని రోజున తనే మోసి అలవాటైన ప్రాణం. విమానం గల్ఫ్‌లో ఒక రాత్రి ఆగుతుంది, అది మరీ చవక, బెంచీ మీద పడుకుంటే సరి, షూటింగుల్లో ఇంతకంటే గట్టి బెంచీల మీద పడుకుంది. ఆ ఊళ్లో నడకే. కంది పొడి, గోంగూర పచ్చడి, చిన్న కుక్కరు తీసుకెళ్తే బియ్యం అక్కడే దొరుకుతాయి, చేపల సంగతి చెప్పనే అక్కర్లేదు. చీటీ పాడకుండా చివరి దాకా ఆగింది, పూర్తి డబ్బు వచ్చింది. గాజులు చేయించుకుందామనుకున్న ఆలోచన నగల కొట్టు గుమ్మంలోనే వదిలేసింది. జేవియర్ని కూడా రమ్మంది. ఇన్నేళ్లు లైట్‌మ్యాన్‌గా తాటిచెట్టంత స్టాండుల మీద నిలబడ్డ మనిషి విమానం అనగానే తెల్లబోయాడు. "నేలకి ఆనుకోని దాంట్లో నేనెక్కనే. నువ్వెళ్లి రా, రోజూ వీడియోలో చూపించు, చాలు." ఇక లీలా వాటా. అది పోయింది. అద్దె మొత్తం తన మీదే పడితే నెల నిలబడుతుందా? పొద్దుటినుంచీ బుర్రలో అదే తిరుగుతోంది. ఇరవై రోజులకి కుదిస్తే హాయిగా సరిపోతుంది. కానీ కుదించడం అంటేనే ఆమెకి వణుకు, ఆ రోజు సెలవు కూడా అలాగే కుదిస్తూ కుదిస్తూ బస్సులో మాయమైంది. లేదు, నెలంటే నెలే. క్రిస్మస్‌కి రెండు పెళ్లిళ్ల మేకప్ పని ఒప్పుకుంటే లీలా వాటా వచ్చేస్తుంది. పెళ్లిళ్ల పని అంటే ఆమెకి గిట్టదు, పెళ్లికూతుళ్ల మేనత్తలందరూ జడ ఎలా వేయాలో చెబుతారు. చెప్పనీ.

మరి ఫ్రీగా వెళ్లి, పాట అయ్యాక అక్కడే ఉండిపోతే? అది కూడా పొద్దున అడిగింది, సిగ్గు విడిచి. రఘునందన్ ఫోన్లోనే ఉలిక్కిపడ్డాడు. "అమ్మా తల్లీ, ఆ పని మాత్రం చెయ్యకు. షూటింగ్ ఎన్ని రోజులో వీసా అన్ని రోజులే. అందరం కలిసి వెళ్లి అందరం కలిసి రావాలి. ఒక్కళ్లు తగ్గినా ఇంకోసారి మన కంపెనీకి వీసా ఇవ్వరు." కాబట్టి అది కాదు, ఇది కాదు, రెండింట్లో ఒకటే. ఫ్రీ అన్న మాటకి ఎంత బలముందో ఈ సోఫా మీద కూర్చుంటే తెలుస్తోంది. చీటీ డబ్బు బ్యాంకులో అలాగే ఉంటుంది, గాజులు వస్తాయి, మేడమ్ సంతోషిస్తారు, వచ్చే సినిమా కూడా తనదే. కాదంటే మేడమ్‌కి వేరే హెయిర్ డ్రెస్సర్ దొరుకుతుంది, ఒకసారి వేరే చెయ్యి అలవాటైతే మళ్లీ ఈ చేతికి పిలుపు రాదు. ఈ పనిలో ఎవరూ ఎవరినీ తీసేయరు, పిలవడం మానేస్తారు, అంతే. ఆ భయం చిన్నది కాదు. ఆ మెట్ల మీద మళ్లీ నిలబడి, నోట్లో పిన్నులు పెట్టుకుని, ఆ కిటికీకి వీపు పెట్టి, టచప్ అన్నప్పుడల్లా పరిగెత్తడం ఎలా ఉంటుందో ఊహించుకుంది. పైన ఆవిడ ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం, అప్పటికే పెద్దావిడ. లేకపోతే ఆ కిటికీ కింద నిలబడి ఒక దండం పెట్టుకోవాలి, ఉంటే ఆ కుర్చీలో కూర్చోవాలి. రెండింటికీ టైము కావాలి, తన టైము కావాలి. ఊరిని వెనకనుంచి చూసింది చాలు, ఇంకోసారి వెనకనుంచే చూడటానికి అంత దూరం వెళ్లడం దేనికి?

"మేడమ్, సారు రమ్మంటున్నరు" అంది మనోజ.

సోఫాలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. లోపల ఏసీ చలి, బల్ల మీద పాస్‌పోర్టులు రబ్బరు బ్యాండు వేసి దొంతరగా ఉన్నాయి, అందులో ఒకటి లీలాది. రఘునందన్ తలెత్తకుండానే చెయ్యి చాపాడు, ఇన్నేళ్లలో ఎందరివో తీసుకున్న చెయ్యి. మనిషి మంచివాడే, వానలో తడిసినప్పుడు తన కోటు ఇచ్చాడు ఒకసారి.

"తెచ్చావా?"

"తెచ్చానండి." చెయ్యి బ్యాగులోకి వెళ్లలేదు. తెచ్చింది ఇద్దామా వద్దా అని కాదనీ, ఇవ్వనని చెప్పేటప్పుడు ధైర్యానికి దగ్గర ఉండాలనేననీ అప్పుడే ఆమెకి తెలిసింది. "ఇవ్వడానికి కాదండి. ఫిబ్రవరిలో నాకు డేట్స్ లేవు."

రఘునందన్ తలెత్తాడు. ఆ మాట ఆయన హీరోల నోట విన్నాడు, హీరోయిన్ల తల్లుల నోట విన్నాడు. హెయిర్ డ్రెస్సర్ నోట వినలేదు. నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "డేట్స్ లేవా? ఏ కంపెనీకిచ్చావమ్మా?"

"ఎవరికీ ఇవ్వలేదండి. నాకే ఉంచుకున్నాను. నేనూ పోర్టోకే వెళ్తున్నాను, నెల రోజులు, నా డబ్బుతో."

"పిచ్చా నీకు? మేం తీసుకెళ్తామంటుంటే! మేడమ్‌కి ఏం చెప్పను? ఇంకొకళ్లని పెడితే మళ్లీ నిన్ను..." మిగతాది ఆయనే మింగేశాడు.

"తెలుసండి" అంది తెరెసా. "మేడమ్‌కి ఎడమవైపు పాయ నిలవదు, గాలికి లేస్తుంది. వచ్చే అమ్మాయిని గోధుమరంగు పిన్నులు ఎక్కువ పట్టుకెళ్లమనండి, నల్లవి పెట్టనివ్వకండి." తలుపు దాకా వెళ్లి ఆగింది, ఇంకో మాట మిగిలిపోయింది. "ఈసారి కూడా ఆ మెట్ల వీధిలోనేనా అండి, వంతెన దగ్గర?"

"అక్కడే. డైరెక్టర్ గారికి బాగా నచ్చింది. ఏం?"

"నా గది ఆ వీధిలోనేనండి. మీవాళ్లు బట్టలు తీయమని ఇంటింటికీ వస్తారు కదా. తీగ మీద చీరలు కనబడితే అవి నావే. తీయనని డైరెక్టర్ గారికి ముందే చెప్పండి."